పట్టాల మీద నిమ్మకాయ

నన్ను రేపల్లెలో డాక్టరు గారంటారు. కొందరు వేళాకోళానికి, కొందరు నిజమనుకుని. నేను వైద్యం చేసేది రంపాలకి. సామిల్లులో దుంగలు కోసే పెద్ద రంపం రెండు చక్రాల మీద బెల్టులా తిరుగుతుంది. ముప్ఫై అడుగుల ఉక్కు బ్లేడు. దాని పళ్ళకి పదును పెట్టడం, ఒళ్ళు వంకరపోతే సుత్తితో సరిచేయడం, చిట్లితే అతకడం నా పని. ఈ పనివాణ్ణి ఇంగ్లీషులో సా డాక్టర్ అంటారు. మా పెళ్ళప్పుడు బాపట్లలో మా మామగారు ఆ ‘సా’ని మింగేసి, అల్లుడు డాక్టరని ఊరంతా చెప్పుకున్నాడు. మా ఆవిడ స్టెల్లా ముప్ఫై ఏళ్ళుగా ఆ మోసానికి నా దగ్గరే జవాబు అడుగుతోంది.

నా పేరు జకరయ్య. చెవులు బాగా పనిచేస్తాయి. బ్లేడు తిరిగే మోత విని ఎక్కడ పన్ను వంగిందో చెప్పగలను. కళ్ళజోడు చదవడానికి తప్ప అక్కర్లేదు. మందు అలవాటు లేదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. పోయిన ఆగస్టులో ఒక మంగళవారం, పగలు పదకొండు గంటలకి, తెనాలి మిల్లులో, చనిపోయి నాలుగేళ్ళయిన మనిషి నా ట్రాలీ ముందు వంగి ఉండడం చూశాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

మిల్లు మోహనకృష్ణ గారిది. వాళ్ళ నాన్న సుబ్బారావు గారి దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఆ రోజు కొత్త బ్లేడు ఎక్కించాం. ఆఫ్రికా నుంచి పడూక్ దిమ్మెలు వచ్చి ఉన్నాయి. ఎర్ర చెక్క అది, కోస్తుంటే పొట్టు కూడా కుంకుమలా రాలుతుంది. దిమ్మెని ట్రాలీ మీదకెక్కించి, ఇద్దరు మనుషులు పట్టాల మీద రంపం వైపు తోస్తారు. మోహనకృష్ణ గారు జేబులోంచి నిమ్మకాయ తీసి ముందు చక్రానికి ఎదురుగా పట్టా మీద పెట్టారు. కొత్త బ్లేడు మొదటి కోతకి ముందు చక్రంతో నిమ్మకాయ తొక్కించడం ఆ మిల్లులో పాత ఆనవాయితీ. ఇక నేను చెయ్యెత్తితే ట్రాలీ కదలాలి.

చెయ్యి లేవలేదు. పట్టా పక్కన ఓండో, ఆ చనిపోయిన మనిషి, వంగి ఉన్నాడు. నీలం రంగు మిల్లు చొక్కా, వీపు మీద చెమట మరక, మెడ వెనక చర్మం మడత. చెయ్యి నిమ్మకాయ వైపు చాచాడు. మొహం కనపడలేదు. ఎప్పుడూ కనపడదు.

“ఆపండి,” అన్నాను.

“ఆగే ఉందండి,” అన్నాడు ట్రాలీ తోసే మనిషి, నా వైపు వింతగా చూస్తూ.

మోహనకృష్ణ గారు దగ్గరికి వచ్చారు. “ఏంటి డాక్టరు గారూ, ఈ నెలలో ఇది మూడోసారి. ఎవరున్నారండి అక్కడ?”

“ఆ నిమ్మకాయ తీసేయండి.”

“మా నాన్న నలభై ఏళ్ళు పెట్టారు. అప్పుడు మీరేం అనలేదుగా.”

“అది ఉంటే నేను చెయ్యెత్తనండి.”

ఆయన నిమ్మకాయ తీసి జేబులో వేసుకున్నారు. కోపం వచ్చినట్టే ఉంది. “మీ మతంలో కూడదంటే కూడదని చెప్పండి, సరే అంటాను. అంతేగానీ లేని మనుషుల్ని చూపించి పని ఆపకండి,” అన్నారు.

మతం సంగతి కాదని ఎలా చెప్పను? ఓండో ఆనాడు చేయి చాచింది నేను పెట్టిన నిమ్మకాయ కోసమని ఎలా చెప్పను? తల ఊపి, చెయ్యెత్తాను. ట్రాలీ కదిలింది. ఎర్రపొట్టు నా చెప్పుల మీద రాలింది.

అసలు సంగతి గాబన్ దేశంలో జరిగింది. ఆఫ్రికాకి పడమటి వైపు సముద్రం ఒడ్డున ఉంటుంది. నేల కంటే అడవి ఎక్కువేమో అనిపించే దేశం. దుంగల్ని దుంగలుగా ఓడెక్కించడానికి వీల్లేదని అక్కడి ప్రభుత్వం ఎప్పుడో చట్టం చేసింది. మా కలప కావాలంటే మా నేల మీదే కోయండి, మా వాళ్ళకి పని చూపించండి అని. న్యాయమైన మాటే. దాంతో మిల్లులు వచ్చాయి. మిల్లులకి రంపాలు, రంపాలకి నాలాంటివాళ్ళు. మా బావ శాలేమురాజు, అంటే స్టెల్లా అన్నయ్య, అక్కడ ఒక మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉండేవాడు. ఆయనే నన్ను పిలిపించాడు. మూడేళ్ళు చేశాను. అక్కడివాళ్ళకి పని చూపించడమంటే ఏంటో కూడా చూశాను. కుర్చీ ఉన్న పని మాది, చీపురు ఉన్న పని వాళ్ళది.

ఓండో ఆ చీపురు పట్టుకున్న మనిషి. నాకంటే ఐదారేళ్ళు చిన్న. పన్నెండేళ్ళుగా ట్రాలీ పట్టాలు శుభ్రం చేస్తున్నాడు. బెరడు ముక్క ఒక్కటి పట్టా మీద ఉన్నా ట్రాలీ పట్టాలు తప్పుతుంది, అందుకని ప్రతి కోతకి ముందు ఊడ్చాలి. అక్కడి ట్రాలీ మనుషులు తోసేది కాదు, మోటారుది. మూడు టన్నుల దుంగని మోసుకుంటూ గుర్రంలా ఉరుకుతుంది. ఓండోకీ నాలాగే మోత పట్టే చెవి ఉంది. ఒకసారి నాకంటే ముందు తల పైకెత్తి “పన్ను పోయింది” అన్నాడు. ఆపి చూస్తే నిజమే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం వేళ నా గదికి పిలిచి పదును పెట్టడం నేర్పాను. “వాడికి నేర్పితే రేపు నీ సీటు వాడిది, బావా,” అన్నాడు శాలేమురాజు. పోతే పోనీ అనుకున్నాను. మంచి పని చేశానని చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్కటే.

నిమ్మకాయ సంగతికి వస్తాను. మాది లూథరన్ కుటుంబం. మా నాన్న పౌలు గారు రేపల్లె చర్చిలో పెద్ద. తెనాలిలో సుబ్బారావు గారు నిమ్మకాయ పెట్టేటప్పుడు నేను పక్కకి చూసేవాణ్ణి. ఆయన నమ్మకం ఆయనది, నా నమ్మకం నాది, ఇద్దరికీ ఇబ్బంది లేదు. గాబన్ వెళ్ళిన రెండో నెలలో, ఒకే వారంలో రెండు బ్లేడులు తెగాయి. రెండోది తెగి ఎగిరి, నా తలకి జానెడు దూరంలో స్తంభంలో దిగింది. చక్రాల వంకర వల్ల తెగిందని నాకు తెలుసు. ఆ వంకర సరిచేశాను కూడా. అయినా మూడో బ్లేడు ఎక్కించాక చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు. ఓండోని అడిగి వాళ్ళ పెరట్లో చెట్టు నుంచి ఒక నిమ్మకాయ తెప్పించాను. నా చేతులతో పట్టా మీద పెట్టాను.

పెట్టాక సిగ్గేసింది. మా నాన్న చూస్తున్నట్టు అనిపించింది. వెంటనే కళ్ళు మూసుకుని, ప్రభువా క్షమించు అని ప్రార్థన చేసి, చెయ్యెత్తాను. బ్లేడు ఆ రోజు తెగలేదు. ఆ తర్వాత తెగలేదు. దాంతో అది అలవాటైంది. కొత్త బ్లేడు ఎక్కించిన ప్రతిసారీ ముందు నిమ్మకాయ, తర్వాత క్షమాపణ, తర్వాత చెయ్యి. దెయ్యానికీ భయపడ్డాను, దేవుడికీ భయపడ్డాను, ఇద్దరినీ ఒకేసారి మంచి చేసుకుందామనుకున్నాను. నామీద నాకే అసహ్యం వేస్తుంది ఇప్పుడు.

ఓండో నన్ను ‘పాస్టర్’ అని పిలిచేవాడు. అతనూ వాళ్ళ ఊరి చర్చిలో పాటలు పాడే మనిషే, మందు ముట్టడు. “ఒక చేతిలో నిమ్మకాయ, ఒక చేతిలో దేవుడు. ఇక రంపం ఎవరు పట్టుకుంటారు పాస్టర్?” అని నవ్వేవాడు. ట్రాలీ తొక్కేసిన నిమ్మకాయని చడీచప్పుడు లేకుండా ఊడ్చేసేవాడు.

ఓండో పోయిన రోజు మిల్లు చూడడానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. ప్రభుత్వం వాళ్ళు, కంపెనీ వాళ్ళు. కొత్త బ్లేడు మొదటి కోత వాళ్ళ ముందే జరగాలని అన్నారు. వాళ్ళు గేటు దాటి షెడ్డు వైపు వస్తున్నారు. నేను నిమ్మకాయ పెట్టి, వెనక్కి వచ్చి, కళ్ళు మూసుకున్నాను. చెయ్యెత్తాను.

కోసే చప్పుడు రావలసిన చోట కేకలు వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. అంతకంటే చెప్పను.

సాయంత్రం శాలేమురాజు రిపోర్టు రాశాడు. పనివాడు తాగి పట్టాల మీదకి వంగాడని రాశాడు. “సంతకం పెట్టు బావా. లేకపోతే నిన్ను పట్టుకుపోతారు. ఇక్కడి జైళ్ళ సంగతి నీకు తెలీదు,” అన్నాడు. పెట్టాను. రెండు నెలల్లో ఇంటికి వచ్చేశాను.

ఓండో మొదటిసారి కనిపించింది రేపల్లె స్టేషన్లో. తెనాలి ప్యాసింజర్ వస్తుంటే ప్లాట్‌ఫాం అంచున నీలం చొక్కా మనిషి పట్టాల వైపు వంగి ఉన్నాడు. నేను అరిచాను. జనం నా వైపు చూశారు, అంచున ఎవరూ లేరు. తర్వాత తెనాలి మిల్లులో, వీధిలో పిల్లలు బంతి ఆడే చోట, ఒకసారి చర్చిలో బల్ల పక్కన. ఎప్పుడూ పగలే. అదే వీపు, అదే మెడ. చీకట్లో వచ్చినా బాగుండేది, దీపం వేసుకుంటే పోయేవాడు. పగటి వెలుగులో వచ్చేవాణ్ణి ఏం పెట్టి తరమాలి? నాలుగేళ్ళు ఇలాగే గడిచాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆగస్టు మంగళవారం తర్వాత పది రోజులకి ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఫ్రెంచి. మిల్లు ఫ్రెంచి నాకు వచ్చు, నెమ్మదిగా చదువుకున్నాను. పంపింది ఓండో కూతురు క్లారిస్. నా నంబరు ఎవరో పాత పనివాడు ఇచ్చాడట. అక్కడ బడిలో పాఠాలు చెబుతోందట. వాళ్ళ చర్చిలో ఏటా అక్టోబరు ఆఖరి ఆదివారం, చనిపోయిన పాటగాళ్ళ పేర్లు గట్టిగా చదువుతారు. తాగి చనిపోయిన వాళ్ళ పేరు మాత్రం చదవరు. కంపెనీ కాగితం చూపించి వాళ్ళ నాన్న పేరు నాలుగేళ్ళుగా వదిలేస్తున్నారు. ఆ ఆదివారం వాళ్ళ అమ్మ ఇల్లు కదలదు. ఆఖర్లో రాసింది: “మీరు రోజూ ప్రార్థన చేసే మనిషి అని నాన్న చెప్పేవారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మా నాన్న ఆ రోజు తాగి ఉన్నారా?”

లేదు. ఒక్క మాటే రాయాలి. ఆ ఒక్క మాట రాయలేక ఫోన్ జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను.

శాలేమురాజు అప్పుడు సెలవు మీద బాపట్లలో ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఇంట్లో చుట్టాలున్నారని నన్ను బండెక్కించుకుని సూర్యలంక తీసుకెళ్ళాడు. బీచి పక్కన సరుగుడు తోటలో నడిచాం. అవతల గుంటూరు నుంచి వచ్చిన జనం నీళ్ళలో గంతులేస్తున్నారు. ఇవతల తోటలో మనుషుల్లేరు. గాలికి సరుగుడు ఆకులు చేసే చప్పుడు, చెక్క పెట్టకుండా ఊరికే తిరిగే బ్లేడు మోతలా ఉంది.

మెసేజ్ చూపించాను. చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు.

“జవాబు పెట్టావా?”

“ఇంకా లేదు.”

“మంచి పని చేశావు. నంబరు బ్లాక్ చేసెయ్.”

“ఓండో తాగడు బావా. నీకూ తెలుసు.”

“పోయినవాడు తాగితే ఏంటి, తాగకపోతే ఏంటి?” అన్నాడు. మళ్ళీ తనే, “నేనెవరి కోసం రాశాను ఆ రిపోర్టు? నీ కోసం. మా చెల్లి కోసం. వచ్చే ఏడు నన్ను మిల్లు మేనేజర్ని చేస్తామన్నారు. ఇప్పుడు నీకు మనశ్శాంతి కావాలని నన్ను ముంచుతావా?” అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నన్ను కాపాడాడు. నిజం చెబితే ఆయన పదిహేనేళ్ళ ఉద్యోగం పోతుంది, బహుశా నా మీద కేసూ పడుతుంది. చెప్పకపోతే ఓండో భార్య ఇంకో అక్టోబరు ఇంట్లోనే కూర్చుంటుంది. తలెత్తి చూస్తే నాలుగు వరసల అవతల, సరుగుడు మానుల మధ్య, నీలం చొక్కా వంగి ఉంది. ఎండ ఆ వీపు మీద పడుతోంది.

శాలేమురాజు నా చూపు పోయిన వైపే చూశాడు. మొహం పాలిపోయింది. “పద, ఎండగా ఉంది,” అన్నాడు. మేం నిలబడింది నీడలో. నువ్వూ చూస్తున్నావా బావా అని అడగాలనిపించింది. ఆయన అప్పటికే బండి వైపు గబగబా నడుస్తున్నాడు.

రేపల్లె వచ్చి స్టెల్లాకి చెప్పాను. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. గోంగూర ఒలుస్తూ కూర్చుంది. నిమ్మకాయ, రిపోర్టు, సంతకం, వాళ్ళ అన్నయ్య మాటలు, కనిపించే ఓండో, అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకున్న సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాను. నిమ్మకాయ పెట్టానంటే పిరికివాడంటారు. ప్రార్థన చేస్తూ మనిషిని చంపానని ఎలా చెప్పను? చూసుకోకుండా చెయ్యెత్తాను అన్నాను.

చాలాసేపు ఆకులు ఒలిచింది. తిడుతుందనుకున్నాను.

“నాలుగేళ్ళుగా మీరు వీధిలో ఆగిపోతుంటే, షుగర్ వచ్చిందేమో పరీక్ష చేయించుకోండని పోరాను,” అంది. “నిమ్మకాయ సంగతి మీరూ దేవుడూ తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను. తాగుబోతని సంతకం పెట్టారు చూడండి, అది ఆ ఇంట్లో వాళ్ళకి పెట్టిన గాయం. దానికి మందు మీ దగ్గరే ఉంది. డాక్టరు గారుగా.”

“మీ అన్నయ్య...”

“మా అన్నయ్యతో నేను మాట్లాడతాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటాడు.” ఒక్కడే అన్నయ్య ఆవిడకి.

మర్నాడు క్లారిస్‌కి రాశాను. లేదమ్మా, తాగలేదు, తప్పు నాది, కాగితం మీద రాసి పంపుతాను అని. తెనాలి కోర్టు దగ్గర నోటరీ లాయరు ఒకాయన ఉంటే వెళ్ళాను. నేను చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో టైపు చేయించాడు. మధ్యలో ఆగి, “నిమ్మకాయ అనే రాయమంటారా అండి? ఏదో వస్తువు అందాం,” అన్నాడు.

“నిమ్మకాయ అనే రాయండి. పెట్టింది నేనేనని రాయండి.”

అలాగే రాశాడు. పట్టాలు శుభ్రంగా ఉంచడం ఓండో ఉద్యోగం కాబట్టి దాన్ని తీయడానికి వంగాడని, నేను చూడకుండా చెయ్యెత్తానని, అతను తాగలేదని, పాత రిపోర్టు మీద నా సంతకం అబద్ధమని. ఈసారి ప్రతి మాటా చదువుకుని సంతకం చేశాను. ఫొటో తీసి పంపాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే వేమూరు దాటినా ఎవరూ కనిపించలేదు. పీడ విరగడైంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అక్టోబరు ఆఖర్లో ఒక సాయంత్రం క్లారిస్ ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం. స్టెల్లా వినాలని స్పీకర్ పెట్టాను, మాట మాటకీ తెలుగులో చెబుతూ వచ్చాను. కాగితం చర్చి పెద్దలు చదివారట. ఈ ఆదివారం ఓండో పేరు చదువుతామన్నారట. ఆ పిల్ల ఏడుస్తోంది, నవ్వుతోంది. స్టెల్లా కళ్ళు తుడుచుకుంది. నా గుండె మీద నుంచి దుంగ దించినట్టయింది.

“పక్కన అమ్మ ఉంది,” అంది క్లారిస్. “మీ కాగితంలో ఒక తప్పుందని చెప్పమంటోంది.”

“ఏం తప్పమ్మా?”

“పట్టాలు శుభ్రం చేయడం ఉద్యోగం కాబట్టి వంగాడని రాశారు. అందుకు కాదు. ముందు రోజు మిల్లులో నోటీసు పెట్టారట. పెద్దవాళ్ళు వస్తున్నారు, పట్టాల మీద అలాంటి వస్తువులు కనపడితే పెట్టినవాణ్ణి ఇంటికి పంపిస్తామని. మీకు చదివి చెప్పమని నాన్నతో అన్నారట. నాన్న మీకు చెప్పలేదు. ఆ పొద్దున టీ తాగుతూ అమ్మతో అన్నారు, పాస్టర్‌కి భయం, నిమ్మకాయ లేకపోతే చెయ్యి లేవదు, పెట్టుకోనీ, వాళ్ళు చూసేలోపు నేను తీసేస్తాను అని.”

నేను తెలుగులో చెప్పడం ఆపేశాను. స్టెల్లా ఏంటి, ఏంటి అని అడుగుతోంది.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాను.

“మీకు తెలుసనుకున్నాం. ఎదురుగానే ఉన్నారు కదా, ఆ ఒక్క క్షణం చూపు పక్కకి పోయిందనుకున్నాం.”

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఊఁ అంటే సరిపోయేది. “నేను చూడలేదమ్మా. కళ్ళు మూసుకుని ఉన్నాను. ప్రార్థన చేస్తున్నాను. ప్రతిసారీ అలాగే చేసేవాణ్ణి.” ఫ్రెంచిలో చెప్పి, అదే మాట స్టెల్లా వైపు తిరిగి తెలుగులో చెప్పాను.

అవతల క్లారిస్ వాళ్ళ అమ్మతో వాళ్ళ భాషలో మాట్లాడింది. చాలాసేపు. తల్లి గొంతు మెల్లగా, కోపం లేకుండా వినపడింది. తర్వాత క్లారిస్ చెప్పింది.

“మీరు ప్రతిసారీ కళ్ళు మూసుకుంటారని నాన్నకి తెలుసంట. మీరు కళ్ళు మూసుకున్నప్పుడే తీసేస్తే మీరు సిగ్గుపడాల్సిన పని ఉండదని, అందుకే అప్పుడు వంగి ఉంటారని అంటోంది అమ్మ.”

ఏమన్నానో, ఫోన్ ఎప్పుడు పెట్టేశానో గుర్తులేదు. ఇరవై ఏళ్ళ ముందు మా నాన్న పోయినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు. స్టెల్లా నా పక్కన నేల మీద కూర్చుంది.

మర్నాడు మళ్ళీ తెనాలి వెళ్ళాను. నోటరీ నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. “ఆ కాగితంతో పని అయిపోయిందన్నారుగా అండి, మళ్ళీ ఎందుకు?”

“పూర్తిగా రాయలేదండి,” అన్నాను.

రెండో కాగితంలో కళ్ళు మూసుకున్న సంగతి రాయించాను. ఓండో ఎందుకు వంగాడో రాయించాను. ఆదివారం లోపలే అది వాళ్ళ చర్చికి చేరింది. పేరు చదివేటప్పుడు అదీ చదివారని, అమ్మ ముందు వరసలో కూర్చుందని క్లారిస్ రాసింది. శాలేమురాజు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, కాగితాలు కంపెనీకీ చేరి విచారణ జరుగుతోంది. నా ఫోన్ ఎత్తడు. స్టెల్లా ఫోన్ ఎత్తుతాడు, మాట్లాడడు, ఊరికే వింటాడట.

ఓండో ఇప్పటికీ కనిపిస్తాడు. కాగితాలు రాస్తే పోయే మనిషి కాదు. మొన్న మిల్లులో మళ్ళీ వంగాడు, నేను మళ్ళీ ఆపాను. మోహనకృష్ణ గారికి అంతా చెప్పేశాను కనుక ఆయన ఇప్పుడు ఏమీ అనకుండా నా పక్కన నిలబడతారు. నేను నిజంగా చూసిన వీపు కాదది. ఆ క్షణం నేను చూడలేదు. చూడలేదు కాబట్టే రోజూ చూస్తున్నాను.

ప్రార్థన మానలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థిద్దాం అనగానే అందరూ తల వంచి కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకోను. అన్ని వంగిన తలల మధ్య నేనొక్కణ్ణే కళ్ళు తెరుచుకుని, ఆమెన్ అనేదాకా చూస్తూ ఉంటాను.